తత్వశాస్త్రం, మీ ప్రశ్నలు: మైనం ముద్ద, మేక కన్ను, చార్మినార్ గడియారాలు

ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా పదిహేడో శతాబ్దపు యూరప్ తత్వవేత్తలు డెకార్ట్, స్పినోజా, లైబ్నిజ్‌ల చుట్టూనే తిరిగాయి. ద్రవ్యం (తనంతట తాను ఉండే వస్తువు), ప్రత్యక్షం (చూడటం, వినడం వంటి గ్రహింపు), కారణం అని మూడు పాఠాలుగా విడగొట్టి చదవడం వల్లే సగం తికమకలు వస్తున్నట్టుంది. మూడింటి వెనకా ఉన్న పట్టుదల ఒక్కటే: కారణాన్ని అర్థం చేసుకుంటే కార్యం, అంటే దాని ఫలితం, ఎందుకు జరిగిందో బుద్ధికి తెలిసిపోవాలి. అలా తెలియకపోతే దాన్ని కారణం అనకూడదు. కింది జవాబులన్నీ ఈ మాట పట్టుకునే నడుస్తాయి.

ప్రశ్న: సివిల్స్‌కి ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకున్నాను. డెకార్ట్‌కు ద్రవ్యాలు రెండు, స్పినోజాకు ఒకటి, లైబ్నిజ్‌కు లెక్కలేనన్ని. ఇంతవరకు కంఠతా వచ్చు. ఎందుకలా అని అడిగితే మాత్రం రెండు వాక్యాల తర్వాత పెన్ను ఆగిపోతోంది. (అశోక్‌నగర్)

అంకెలు బట్టీ పట్టడంతోనే వచ్చింది చిక్కు. మొదలుపెట్టింది ముగ్గురూ దాదాపు ఒకే నిర్వచనంతో. దాన్ని ఎవరు ఎంతదాకా లాగారన్నదే తేడా.

డెకార్ట్ 1644లో అచ్చువేసిన 'ప్రిన్సిపుల్స్' మొదటి భాగం, 51వ ఆర్టికల్ తీయండి. తన ఉనికికి మరి దేని అవసరమూ లేనిది ద్రవ్యం అంటాడు. ఈ మాట బిగించి పట్టుకుంటే దేవుడొక్కడే మిగులుతాడని కూడా అక్కడే ఒప్పుకుంటాడు. 52లో ఒక వెసులుబాటు ఇస్తాడు: దేవుడి ఆసరా తప్ప ఇంకేమీ అక్కర్లేని వాటినీ ద్రవ్యాలు అనవచ్చు. మనసు, శరీరం లోపలికి వచ్చింది ఆ సందులోంచే. 53లో ఒక్కోదానికి ఒక్కో ముఖ్యధర్మం, అంటే మూల లక్షణం, ఇస్తాడు. మనసుకు ఆలోచన, శరీరానికి విస్తృతి, అంటే పొడవు, వెడల్పు, లోతు. ఇక్కడ ఎక్కువమంది జారిపడే చోటు ఒకటుంది. 'రెండు' అంటే రెండు రకాలు. మనసులు ఎన్నయినా ఉండొచ్చు. "ప్రపంచంలో మొత్తం రెండే ద్రవ్యాలు" అని రాస్తే మార్కులు పోతాయి.

స్పినోజా ఆ సందు మూసేశాడు. ఆయన పోయిన ఏడాదే, 1677లో, వెలువడిన 'ఎథిక్స్' మొదటి భాగంలో 36 ప్రతిపాదనలున్నాయి. మీకు కావలసినవి 5, 6, 7, 11, 14. తన అంతట తాను ఉంటూ, తన ద్వారానే అర్థమయ్యేది ద్రవ్యమని మూడో నిర్వచనం. ఇక ఐదో ప్రతిపాదన. రెండు ద్రవ్యాలు వేరువేరని తేల్చాలంటే వాటి ధర్మాలైనా వేరు కావాలి, అవస్థలైనా (ద్రవ్యం తీసుకునే రూపాలు) వేరు కావాలి. అవస్థలు ద్రవ్యం తర్వాత వచ్చేవి, వాటిని పక్కన పెట్టేయొచ్చు. మిగిలింది ధర్మం. కాబట్టి ఒకే ధర్మంతో రెండు ద్రవ్యాలు ఉండవు. దీని మీద ఆరోది నిలబడుతుంది: రెండింటికీ ఉమ్మడిగా ఏ ధర్మమూ లేనప్పుడు ఒకటి రెండోదానికి కారణం కాలేదు, ఎందుకంటే ఒకదాని ద్వారా రెండోది అర్థం కాదు. బయటి కారణం లేనప్పుడు ఉండటం దాని స్వభావంలోనే ఉండాలి, అది ఏడు. అనంత ధర్మాలున్న ద్రవ్యం, అంటే దేవుడు, తప్పక ఉన్నాడు, అది పదకొండు. అన్ని ధర్మాలూ ఆయనవే అయ్యాక రెండో ద్రవ్యానికి మిగిలే ధర్మం ఏదీ లేదు, కాబట్టి ఉన్నది ఒక్కటే, అది పద్నాలుగు.

ఈ గొలుసులో బలహీనమైన లంకె ఐదోది. లైబ్నిజ్ అక్కడే వేలు పెట్టాడు. ఒకదానికి గ, ఘ అనే ధర్మాలు, రెండోదానికి ఘ, చ అనే ధర్మాలు ఉన్నాయనుకోండి. ఘ ఉమ్మడిదైనా ద్రవ్యాలు వేరుగానే ఉంటాయి కదా! ఈ ఒక్క అభ్యంతరం రాస్తే చాలు, మీరు మూలం చదివారని దిద్దేవారికి తెలుస్తుంది.

లైబ్నిజ్ ఇంకో వైపునుంచి వస్తాడు. విస్తృతి ఉన్నదాన్ని ఎప్పుడూ ఇంకా కోయొచ్చు. కోయగలిగేది ఒక గుంపే, నిజమైన 'ఒకటి' కాదు. గుంపు ఉందంటే గుంపులో చేరే ఒకట్లు ఉండాలి. ఆ ఒకట్లకు భాగాలుండవు, అంటే విస్తృతీ ఉండదు. అవే మోనాడ్‌లు. 1714 నాటి 'మోనడాలజీ' మొదటి మూడు పేరాలూ ఇదే వాదన.

పది మార్కుల ప్రశ్నకు 150 పదాలే కాబట్టి డెకార్ట్ సడలింపు ఒక వాక్యం, స్పినోజా ఐదో ప్రతిపాదన మూడు వాక్యాలు, లైబ్నిజ్ అభ్యంతరం రెండు వాక్యాలు రాయండి. జీవిత చరిత్ర అక్కర్లేదు.

ప్రశ్న: మనసు, మెదడు కలిసేది పీనియల్ గ్రంథి దగ్గర అని డెకార్ట్ చోటు చూపించేశాడు కదా. ఇంకా 'సమస్య' అంటారెందుకు? (వైద్య విద్యార్థిని, ముషీరాబాద్)

చోటు చూపిస్తే పని ఎలా జరుగుతుందో చెప్పినట్టు కాదు కాబట్టి.

ముందు ఆ గ్రంథినే ఎందుకు పట్టుకున్నాడో చూడండి. 1649 నాటి 'పాషన్స్ ఆఫ్ ద సోల్' 31, 32 ఆర్టికల్స్‌లో ఉంది. కళ్లు రెండు, చెవులు రెండు, మెదడు భాగాలూ జంటలే. మనకు కలిగే అనుభవం మాత్రం ఒక్కటే. రెండు ముద్రలు ఒకటయ్యే చోటు ఒంటరిది కావాలి. మెదడులో జంట లేని భాగంగా ఆయనకు కనిపించింది ఇదే. నరాల్లో పారే సూక్ష్మ ద్రవాన్ని గ్రంథి అటూ ఇటూ వంగి మళ్లిస్తుందని అనుకున్నాడు. శరీర నిర్మాణం దృష్ట్యా ఇది నిలవలేదు. గ్రంథి అలా వంగే వీలు లేదని డెన్మార్క్ శరీర నిర్మాణ నిపుణుడు స్టెనో 1665లో పారిస్ ఉపన్యాసంలో చూపించాడు.

కానీ స్టెనో రాకపోయినా సమస్య తీరదు. గ్రంథి కూడా శరీరమే. దాన్ని మనసు ఎలా తోస్తుంది? బొహీమియా యువరాణి ఎలిజబెత్ 1643 మేలో రాసిన మొదటి ఉత్తరంలోనే ఈ ప్రశ్న వేసింది. ఆమె వాదనలో ఎక్కడా సడలింపు లేదు. ఒక వస్తువు కదలాలంటే తోపు కావాలి, లేదా తోసేదాని ఉపరితలం తీరు పనిచేయాలి. తోపుకు తాకిడి కావాలి, ఉపరితలానికి విస్తృతి కావాలి. మనసుకు విస్తృతి లేదని చెప్పింది మీరే. మరి ఎలా?

డెకార్ట్ జవాబు: మనకు మూడు మూల భావనలున్నాయి, మనసు, శరీరం, ఈ రెంటి కలయిక. మూడోదాన్ని బుద్ధితో కాదు, రోజువారీ బతుకులో ఇంద్రియాలతో తెలుసుకోవాలి. ఎలిజబెత్ ఒప్పుకోలేదు. విస్తృతి లేనిది వస్తువును కదిలిస్తుందని నమ్మడం కన్నా మనసుకే విస్తృతి ఉందనుకోవడం తనకు తేలికని జూన్‌లో తిరిగి రాసింది. మా దృష్టిలో గెలుపు ఆమెదే. ఆ తర్వాత యాభై ఏళ్లలో వచ్చిన స్పినోజా, ఫ్రెంచ్ తత్వవేత్త మాల్‌బ్రాన్ష్, లైబ్నిజ్ సిద్ధాంతాలు మూడూ ఆమె ప్రశ్నకు జవాబులుగా చదువుకోవచ్చు. పాఠ్యపుస్తకాల్లో ఆమె పేరు ఒక ఫుట్‌నోట్‌లో ఉంటే గొప్ప.

ప్రశ్న: డెకార్ట్ మైనం ఉదాహరణ క్లాసులో చేసి చూపిద్దామని కొవ్వొత్తి కరిగించాం. పిల్లలు "అణువులు మారలేదు, అందుకే అదే మైనం" అనేశారు. అంటే కెమిస్ట్రీ డెకార్ట్‌ను కొట్టేసినట్టేనా? (ఉపాధ్యాయుడు, మలక్‌పేట)

రెండు పొరపాట్లు. ఒకటి కొవ్వొత్తి, రెండోది ప్రశ్న అడిగిన తీరు.

బజారు కొవ్వొత్తి పెట్రోలియం నుంచి వచ్చే పారఫిన్. దానికి తేనె రుచి, పూల వాసన లేవు. డెకార్ట్ చెప్పింది అప్పుడే తుట్టె నుంచి తీసిన తేనెమైనం. బేగంబజారులో అడిగితే దొరుకుతుంది. తెల్లగా శుద్ధి చేసిన గుళికలు వద్దు, వాటికి వాసన ఉండదు. పసుపుపచ్చగా ఉన్న ముడి ముద్ద 50 గ్రాములు చాలు. ముందు ఏమేం మారబోతున్నాయో బోర్డు మీద రాయించండి: రుచి, వాసన, రంగు, ఆకారం, పరిమాణం, గట్టిదనం, చల్లదనం, వేలి కణుపుతో కొడితే వచ్చే చప్పుడు. ఈ ఎనిమిదీ డెకార్ట్ 'మెడిటేషన్స్' పుస్తకంలోని రెండో 'మెడిటేషన్'లో ఉన్నవే. తర్వాత ముద్దను నిటారు గోడల స్టీలు గ్లాసులో వేసి, ఆ గ్లాసును వేడినీళ్ల గిన్నెలో దించండి. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది, నీళ్లు మరగక్కర్లేదు. నేరుగా మంట మీద పెడితే ఆవిరి అంటుకునే ప్రమాదం ఉంది. అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మూత పెట్టాలి. పరిమాణం మారడం కంటికి ఆనదు గనుక కరిగాక గ్లాసు లోపల మట్టం దగ్గర గీత గీయండి. చల్లారాక నడిమి భాగం గుంట పడుతుంది. అదే తేడా.

ఇప్పుడు ప్రశ్న. "మైనంలో మారనిది ఏమిటి?" అని అడిగారు. డెకార్ట్ అడిగింది "ఇది అదే మైనమని మీకు దేనివల్ల తెలిసింది?" అని. బోర్డు మీది ఎనిమిదీ మారిపోయాయి, కాబట్టి ఇంద్రియాల వల్ల కాదు. ఊహ వల్లా కాదు, మైనం తీసుకోగల ఆకారాలకు అంతులేదు, ఊహ అన్నింటినీ చుట్టి రాలేదు. మిగిలింది బుద్ధి చేసే నిర్ణయం. కిటికీలోంచి చూస్తే టోపీలు, కోట్లు మాత్రమే కనిపిస్తాయి, మనుషులని నిర్ణయించేది మనమే అని ఆయన వెంటనే జోడిస్తాడు.

అణువులు అన్న పిల్లలు ఆయనను కొట్టేయలేదు, ఆయన పక్షానే మాట్లాడారు. అణువును చూసిందెవరు? అది కూడా బుద్ధి నిర్ణయమే. ఇంకో మాట, గైడ్లలో తరచూ తప్పు పడేది: శరీర సారం విస్తృతి అని ఈ ఉదాహరణతో రుజువైందని రాస్తారు. రెండో మెడిటేషన్ లక్ష్యం అది కాదు. శరీరం కన్నా మనసే మనకు ముందు, ఎక్కువ స్పష్టంగా తెలుస్తుందని చూపడం దాని పని. పదార్థ సారం సంగతి ఐదు, ఆరు మెడిటేషన్లలో వస్తుంది.

ప్రశ్న: ఎద్దు కన్ను వెనక కాగితం పెట్టి బొమ్మ చూడొచ్చని డెకార్ట్ రాశాడట. మేక కన్నుతో వస్తుందా? (బీఎస్సీ విద్యార్థి, కూకట్‌పల్లి)

వస్తుంది, ఓపిక ఉంటే. 1637 'ఆప్టిక్స్' ఐదో ప్రసంగంలో ఉన్న పద్ధతి ఇది. రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుందని కెప్లర్ 1604లోనే లెక్కకట్టాడు. డెకార్ట్ దాన్ని కళ్లారా ఎలా చూడాలో చెప్పాడు.

మటన్ షాపులో ఉదయం కోసిన మేక కన్ను, గాటు పడకుండా తీసింది అడగండి. ఫ్రిజ్‌లో నిన్నటిదైతే ముందు పొర మసకబారి బొమ్మ రాదు. గ్లవ్స్ వేసుకోండి. చుట్టూ ఉన్న కొవ్వు, కండ కత్తెరతో తీసేయండి. కన్నును సీసా మూతి మీద, నల్లగుడ్డు కిందికి ఉండేలా కూర్చోబెట్టండి. వెనక, నరం పక్కగా, తెల్లటి గట్టి పొరలో సుమారు ఒక సెంటీమీటరు కిటికీ కోయాలి. దాని కింద నల్లటి పొర, కొంత భాగం నీలంగా తళతళలాడుతూ ఉంటుంది. అది కూడా తీయాలి, లేకపోతే వెలుతురు దాటదు. దాని లోపల పల్చటి రెటీనా ఉంటుంది, అదీ వస్తుంది. ఆగాల్సింది అక్కడే. లోపలి జెల్లీ కారకూడదు. కిటికీ మీద ట్రేసింగ్ పేపర్ ముక్క అద్దండి. డెకార్ట్ పల్చటి తెల్లకాగితమో గుడ్డు పెంకో పెట్టమన్నాడు. గది చీకటి చేసి, మీటరు, రెండు మీటర్ల దూరంలో వెలుగుతున్న బల్బు వైపు నల్లగుడ్డు తిప్పండి. కాగితం మీద బల్బు చిన్నగా, తలకిందులుగా కనిపిస్తుంది.

పాడయ్యేది ఎక్కువగా నొక్కడం వల్ల. వేళ్లు బిగిస్తే కన్ను పొడవు మారి బొమ్మ చెదిరిపోతుంది. డెకార్ట్ ఈ సంగతీ గమనించి రాశాడు. కిటికీ మరీ పెద్దదైతే జెల్లీ ఉబికి లెన్సు పక్కకు జరుగుతుంది. ముందు పొర ఎండుతుంటే ఉప్పునీటి చుక్క వేయండి.

బొమ్మ చూశాక చాలామంది "ఆ బొమ్మను మెదడు చూస్తుంది" అంటారు. డెకార్ట్ సరిగ్గా దీన్నే కాదన్నాడు. బొమ్మ వస్తువును పోలి ఉండటం వల్ల మనం చూస్తున్నామంటే, ఆ బొమ్మను చూడటానికి మెదడులో ఇంకో జత కళ్లు కావాలి. అక్కడ జరిగేది నరాల్లో కదలిక మాత్రమే. ఫలానా కదలికకు ఫలానా అనుభవం కలిగేలా ప్రకృతి ఏర్పాటు చేసింది. ఏర్పాటు సరే, కదలిక అనుభవాన్ని ఎలా పుట్టిస్తుందంటే మళ్లీ ఎలిజబెత్ ప్రశ్న దగ్గరికే వస్తాం.

ప్రశ్న: లైబ్నిజ్ రెండు గడియారాల ఉదాహరణ చదివితే చార్మినార్ మీది నాలుగు గడియారాలు గుర్తొచ్చాయి. మాల్‌బ్రాన్ష్ చెప్పిందానికీ దీనికీ తేడా నాకు పట్టుబడలేదు. (నారాయణగూడ)

చార్మినార్‌నే తీసుకుందాం. 1889లో నాలుగు వైపులా పెట్టిన గడియారాలు అన్నీ ఒకే టైము చూపిస్తున్నాయనుకోండి. ఎందుకు? లైబ్నిజ్ 1696లో మూడు దారులు చెప్పాడు. ఒకటి, లోపల ఒకదాన్నొకటి లాగుతున్నాయి. ఇది ఊరికే అన్నది కాదు. ఒకే దూలానికి వేలాడదీసిన రెండు లోలక గడియారాలు కాసేపటికి లయ కలుపుకుంటాయని డచ్ శాస్త్రజ్ఞుడు హైగెన్స్ గమనించాడు, లైబ్నిజ్ దాన్నే ప్రస్తావించాడు. రెండు, మనిషి ఒకడు ఎప్పుడూ పక్కనే ఉండి సరిచేస్తున్నాడు. మూడు, మొదట్లోనే ఎంత నేర్పుగా చేశారంటే, ఎవరూ ముట్టుకునే పని లేకుండా ఎప్పటికీ కలిసే నడుస్తాయి. మనసు, శరీరాల విషయంలో మొదటిది డెకార్ట్ దారి, రెండోది మాల్‌బ్రాన్ష్‌ది, మూడోది తనదైన పూర్వస్థాపిత సామరస్యం.

ఇక్కడ లైబ్నిజ్ మాల్‌బ్రాన్ష్‌కు కొంచెం అన్యాయమే చేశాడు. మాల్‌బ్రాన్ష్ దేవుడు నిమిషానికోసారి స్క్రూడ్రైవర్‌తో పరుగెత్తుకొచ్చే మెకానిక్ కాదు. కొద్దిపాటి సాధారణ నియమాల ప్రకారమే పని చేస్తాడు. బంతి తగలడం, చెయ్యి ఎత్తాలనుకోవడం ఆ నియమం అమలయ్యే సందర్భాలు మాత్రమే. ప్రతిసారీ అద్భుతం జరుగుతోందన్న ఎత్తిపొడుపుకు జవాబు అదే: నియమం ప్రకారం జరిగేది అద్భుతం కాదు.

1674, 75లో వచ్చిన 'సర్చ్ ఆఫ్టర్ ట్రూత్'లో ఆయన వాదనలు రెండు ముఖ్యం. నిజమైన కారణానికీ కార్యానికీ మధ్య తప్పనిసరి సంబంధం బుద్ధికి కనిపించాలి. ఒక బంతికీ రెండో బంతికీ మధ్య అది కనిపించదు, సర్వశక్తుడి సంకల్పానికీ దాని ఫలితానికీ మధ్యే కనిపిస్తుంది. రెండోది, చెయ్యి కదలాలంటే ఏ నరంలో ఏం పారాలో మీకు తెలియదు. ఎలా చేయాలో తెలియని పని మీరు చేశారని ఎలా అంటారు? ఇదే సూత్రాన్ని అంతకు ముందే హోలింక్స్ అనే ఫ్లెమిష్ తత్వవేత్త గట్టిగా చెప్పాడు. ఇంకా వెనక్కి వెళితే, 1111లో మరణించిన ఇస్లామీ తత్వవేత్త గజాలీ నిప్పు, దూది ఉదాహరణతో ఇదే దారిలో నడిచాడు: నిప్పు తగిలినప్పుడు దూది కాలడం చూస్తున్నాం, నిప్పు *వల్ల* కాలడం చూడటం లేదు. ఈ వాదనలోంచి దేవుణ్ణి తీసేస్తే మిగిలేది దాదాపుగా పద్దెనిమిదో శతాబ్దపు స్కాటిష్ తత్వవేత్త హ్యూమ్ వాదనే. ఆయన మాల్‌బ్రాన్ష్‌ను శ్రద్ధగా చదివాడు కూడా.

గడియారాల పోలిక ఎక్కడ కుంటుతుందో కూడా రాసుకోండి. అవి టైము ఒక్కటే చూపిస్తాయి. లైబ్నిజ్ మోనాడ్ మొత్తం విశ్వాన్ని తన కోణం నుంచి ప్రతిబింబిస్తుంది, దాని ప్రతి స్థితీ దాని గత స్థితిలోంచే పుడుతుంది. దానికి కిటికీలు లేవని 'మోనడాలజీ' ఏడో పేరా.

ప్రశ్న: వస్తువులు ఢీకొనడం మీద డెకార్ట్ చెప్పిన అభిఘాత నియమాలు తప్పని ఒక్క ముక్కలో కొట్టేస్తారు. తప్పు ఎక్కడుందో లెక్కతో చూపించగలరా? తత్వశాస్త్రానికి దీనితో ఏం పని? (ఫిజిక్స్ లెక్చరర్, రామంతాపూర్)

క్యారమ్ బోర్డు చాలు. 'ప్రిన్సిపుల్స్' రెండో భాగంలో ఏడు నియమాలున్నాయి. నాలుగోది: చిన్న వస్తువు ఎంత వేగంతో కొట్టినా, నిలకడగా ఉన్న పెద్ద వస్తువును కదిలించలేదు, తాను అదే వేగంతో వెనక్కి వస్తుంది. స్ట్రైకర్‌ను బోర్డు మధ్యలో ఉంచి కాయిన్‌తో కొట్టండి. స్ట్రైకర్ కదులుతుంది. నియమం అక్కడే పోయింది.

ఇక లెక్క. కాయిన్ 5 గ్రాములు, స్ట్రైకర్ 15 గ్రాములు, ఢీ పూర్తి స్థితిస్థాపకం, ఎదురెదురుగా అనుకుందాం. కాయిన్ వేగం 1. ఢీ తర్వాత కాయిన్ ½ వేగంతో వెనక్కి, స్ట్రైకర్ ½ వేగంతో ముందుకు పోతాయి. దిశ పట్టించుకోకుండా బరువును వేగంతో గుణిస్తే (డెకార్ట్ మారదన్నది ఇదే) ముందు 5, తర్వాత 2.5, 7.5 కలిపి 10. రెట్టింపైంది! దిశ కలుపుకుంటే 7.5 లోంచి 2.5 పోయి 5, సరిపోయింది. వేగం వర్గంతో గుణిస్తే ముందు 5, తర్వాత 1.25, 3.75 కలిపి 5, ఇదీ సరిపోయింది. రాపిడి వల్ల, ఢీలో కొంత శక్తి పోవడం వల్ల బోర్డు మీద అంకెలు ఇంత శుభ్రంగా రావు, కానీ స్ట్రైకర్ కదలడం మాత్రం ఖాయం. చుట్టూ ఉన్న ఇతర వస్తువుల వల్ల ఈ నియమాలను అనుభవంలో సరిచూడటం కష్టమని డెకార్ట్ 53వ ఆర్టికల్‌లో ముందే తప్పుకున్నాడు లెండి.

లైబ్నిజ్ 1686లో పట్టుకున్న దారి ఇంకోటి. ఒక పౌను బరువును నాలుగు నిలువుల ఎత్తుకు లేపడానికీ, నాలుగు పౌన్లను ఒక నిలువు ఎత్తుకు లేపడానికీ ఒకే బలం కావాలి. ఇది డెకార్ట్ పక్షం కూడా ఒప్పుకునేదే. కింద పడేటప్పుడు, గెలీలియో ప్రకారం, నాలుగు రెట్ల ఎత్తుకు వేగం రెండు రెట్లే. బరువును వేగంతో గుణిస్తే మొదటిదానికి 2, రెండోదానికి 4. సమానం కావాల్సినవి కాలేదు. వేగం వర్గంతో గుణిస్తే 4, 4.

తత్వశాస్త్రానికి పని ఇక్కడే. పదార్థమంటే ఒట్టి విస్తృతే అయితే దానిలో పొడవు, వెడల్పు, లోతు, స్థానం మారడం తప్ప మరేమీ లేవు. కానీ ఢీలో కాపాడబడేది జ్యామితిలో కనిపించని ఒక బలం. కాబట్టి విస్తృతి ద్రవ్యానికి సరిపోదని లైబ్నిజ్ తేల్చాడు. ఇంకొకటి: చలన పరిమాణంలో దిశ లెక్కలోకి రాకపోతే, మనసు మొత్తం చలనాన్ని పెంచకుండానే దిశ మాత్రం మార్చగలదనే సందు ఉంటుంది. దిశ కూడా కాపాడబడుతుందని తెలిసి ఉంటే డెకార్ట్ కూడా లైబ్నిజ్ సామరస్యం దగ్గరికే వచ్చేవాడని 'మోనడాలజీ' 80వ పేరాలో ఉంది. ఈ దిశ ఉపాయం డెకార్ట్ రాతల్లో అంత స్పష్టంగా కనిపించదు. లైబ్నిజ్ చెప్పాడని రాయండి, డెకార్ట్ చెప్పాడని రాయకండి.

ప్రశ్న: గమనించని ప్రత్యక్షం అనేది ఉంటుందా? వినకుండా వినడం ఏమిటి? (ఆర్టీసీ క్రాస్‌రోడ్స్)

మీ చిరునామాలోనే జవాబుంది. ఆ చౌరస్తాలో ఇల్లున్నవారికి కొన్నాళ్లకు హారన్ల రొద తెలియకుండా పోతుంది, ఆగిపోతే మాత్రం తెలుస్తుంది. లైబ్నిజ్ మర దగ్గరా జలపాతం దగ్గరా ఉండేవారి గురించి ఇదే అన్నాడు.

అసలు వాదన సముద్రఘోషది. ఇంగ్లిష్ తత్వవేత్త లాక్‌కు జవాబుగా 1704 ప్రాంతంలో రాసి, 1765 దాకా అచ్చుకాని 'న్యూ ఎస్సేస్' ముందుమాటలో ఉంది. ఘోష వినాలంటే ఒక్కో అల చప్పుడు ఎంతో కొంత చెవిన పడాలి. ఒక్కటీ పడకపోతే లక్ష అలలదీ పడదు, లక్ష శూన్యాలు కలిస్తే ఏమీ కాదు కదా. కాబట్టి ప్రత్యక్షం వేరు, దాన్ని గుర్తించడం వేరు. గుర్తించని ప్రత్యక్షాలను లేనట్టే లెక్కగట్టడం డెకార్ట్ అనుచరుల తప్పని 'మోనడాలజీ' 14వ పేరాలో అంటాడు.

స్పినోజా వైపు నుంచి ఒక ముక్క: సూర్యుడు రెండొందల అడుగుల దూరంలో ఉన్నట్టు కనిపిస్తాడు. అసలు దూరం తెలిసినా అలాగే కనిపిస్తాడు. ఎందుకంటే మన ప్రత్యక్షం సూర్యుడి కన్నా మన శరీరం సూర్యుడివల్ల ఏమైందన్నదే ఎక్కువ చెబుతుంది.

ప్రశ్న: స్పినోజాది మన అద్వైతమే కదండీ? (విశ్రాంత ఉద్యోగి, సైదాబాద్)

కాదండి. ఒకే ద్రవ్యమన్న మాట వరకే పోలిక. అద్వైతంలో జగత్తు మిథ్య, జ్ఞానం కలిగితే తొలగిపోతుంది. స్పినోజాకు ఈ బల్ల, ఈ శరీరం ద్రవ్యం అవస్థలే అయినా నిజమైనవి, దాని స్వభావంలోంచి తప్పనిసరిగా వచ్చినవి. విస్తృతి సాక్షాత్తు దేవుడి ధర్మం. బ్రహ్మానికి పొడవు, వెడల్పు అంటగడితే శంకరులు ఒప్పుకోరు. విశిష్టాద్వైతం దగ్గరగా ఉందేమో అనిపిస్తుంది గానీ, అక్కడ ఈశ్వరుడికి సంకల్పం, కరుణ ఉన్నాయి. స్పినోజా మొదటి భాగం అనుబంధమంతా దేవుడికి ఉద్దేశాలు అంటగట్టడం మీద దాడే.

ప్రశ్న: ఉద్యోగం చేసుకుంటూ చదవాలి. ఎక్కడ మొదలుపెట్టాలి? (తార్నాక)

మెడిటేషన్లతో కాదు, అందరూ అక్కడే మొదలుపెట్టి రెండోది దాటకుండా ఆగిపోతారు. ఎలిజబెత్, డెకార్ట్‌ల 1643 ఉత్తరాలు మొదట చదవండి, మే నుంచి జులై దాకా ఉన్నవి కొద్దిపాటి పేజీలే. తర్వాత 'ప్రిన్సిపుల్స్' మొదటి భాగం 51 నుంచి 65 వరకు. 'ఎథిక్స్'లో మొదటి భాగం అనుబంధం ముందు, నిర్వచనాలు తర్వాత, మూడో భాగం రెండో ప్రతిపాదన కింద ఉన్న వివరణ ఆ తర్వాత. మనసు శరీరాన్ని కదిలిస్తుందన్న నమ్మకాన్ని ఆయన విప్పేసింది అక్కడే. 'మోనడాలజీ' మొత్తం 90 చిన్న పేరాలు. ఒకటి నుంచి 17 వరకు ఒక కూర్చోవడంలో, మిగతావి వారానికి పది చొప్పున. 17లో మర ఉంది, దాన్ని రెండుసార్లు చదవండి: ఆలోచించే యంత్రాన్ని మనిషి దూరి తిరిగేంత పెద్దది చేసినా, లోపల ఒకదాన్నొకటి తోసుకునే భాగాలే కనిపిస్తాయి, ప్రత్యక్షం ఎక్కడా కనిపించదంటాడు. కృత్రిమ మేధ గురించి ఉత్తరాలు రాసినవారికి వచ్చే నెల జవాబు ఆ పేరాతోనే మొదలవుతుంది.